ఆస్తి చూసి ర్యాపర్‌కి మార్కులేస్తారా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో అమెరికా ర్యాపర్లు జే-జీ, నాస్ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి ఒక వ్యాసం వేశారు. తెలుగు పేపర్లో ర్యాప్ గురించి అర పేజీ రావడమే అరుదు కాబట్టి ముందుగా దానికి థాంక్స్. కానీ చదివాక ఒళ్లు మండింది. జే-జీ బిలియనీర్, ఆయన భార్య బియాన్సే, ఆయనకి షాంపేన్ వ్యాపారం ఉంది, నాస్‌కి అంత లేదు, కాబట్టి జే-జీనే గొప్ప. అంతే, వ్యాసం అయిపోయింది. ఒక్క పాట గురించి ఒక్క వాక్యమైనా లేదు. పైగా నాస్ ఒక్క ఆల్బంతో వెలిగి ఆరిపోయాడని తీర్పు కూడా ఇచ్చేశారు. ఇద్దరు వంటవాళ్లలో ఎవరు బాగా వండుతారో చెప్పమంటే ఎవరి ఇల్లు పెద్దదో కొలిచి వచ్చినట్టుంది.

నేను కావలిలో పెళ్లిళ్లకి, చవితి పందిళ్లకి సౌండ్ సిస్టమ్ అద్దెకిస్తుంటాను. ఫంక్షన్లో సినిమా పాటలే మోగాలి, లేకపోతే డబ్బులివ్వరు. అర్ధరాత్రి వైర్లు చుట్టి, బాక్సులు ఆటోలో వేసుకుని ఇంటికొచ్చేటప్పుడు మాత్రం చెవిలో నాకిష్టమైంది పెట్టుకుంటాను. చదివింది తెలుగు మీడియం, అందుకని పాటల మాటలు ఫోన్లో ముందు పెట్టుకుని, తెలియని మాటలకి అర్థాలు వెతుక్కుని (అందులో బూతులకేం తక్కువ లేదు), ఒక్కో ముక్కా మళ్లీ మళ్లీ విని పట్టుకున్నాను. అంత కష్టపడి విన్నవాడికి, వినకుండానే తీర్పు చెప్పేసినవాళ్లని చూస్తే కోపం రాదా?

అసలు నెల్లూరు జిల్లాలో అమ్ముడయ్యే పేపర్లో ఇలాంటి పోలిక రావడమే నాకు వింతగా ఉంది. మన తిక్కన సోమయాజి మనుమసిద్ధికి మంత్రి. రాజు చేతిలోంచి నెల్లూరు జారిపోతే తిక్కనే ఓరుగల్లు దాకా వెళ్లి, గణపతిదేవుణ్ని ఒప్పించి సాయం తెచ్చాడని చెబుతారు. చిన్న విషయం కాదది, ఆయన కెరీర్‌లో పెద్ద ఘట్టం. కానీ భారతం పదిహేను పర్వాలు రాయడం పూర్తిగా వేరే లెక్క. ఏడు వందల ఏళ్ల నుంచి ఈ జిల్లాలో ఎవరైనా ఆయన పద్యాన్ని మంత్రి జీతంతో తూచారా? పనితనం ఒక ఖాతా, బతుకులో ఎదుగుదల ఇంకో ఖాతా. రెండూ రాయండి, ఎవరొద్దన్నారు, కానీ రెంటినీ కలిపేసి ఒకే మొత్తం వెయ్యకండి.

ఇద్దరూ న్యూయార్క్ వాళ్లే, ఇద్దరూ ప్రభుత్వం కట్టించిన పేదల అపార్ట్‌మెంట్లలో పెరిగినవాళ్లే. జే-జీ 1969లో పుట్టాడు, బ్రూక్లిన్‌లో మార్సీ హౌసెస్. నాస్ 1973లో పుట్టాడు, క్వీన్స్‌లో క్వీన్స్‌బ్రిడ్జ్. జే-జీ కుర్రతనంలో డ్రగ్స్ అమ్మాడు, ఆ సంగతి తనే పాటల్లో చెప్పుకున్నాడు. నాస్ ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. కాకపోతే తండ్రి ఓలు దారా జాజ్ సంగీతకారుడు కాబట్టి వాయిద్యాల మధ్య పెరిగాడు.

నాస్ మొదటి ఆల్బం ఇల్మాటిక్ 1994 ఏప్రిల్లో వచ్చింది. అప్పటికి అతని వయసు ఇరవై. మొత్తం పది ట్రాకులు, నలభై నిమిషాలకి అటూ ఇటూ. డీజే ప్రీమియర్, పీట్ రాక్, లార్జ్ ప్రొఫెసర్, క్యూ-టిప్ లాంటి పేరున్న ప్రొడ్యూసర్లు (పాటకి బీటు కట్టేవాళ్లు) తలా ఒక చెయ్యి వేశారు, అప్పట్లో ఒక ఆల్బం ఎక్కువగా ఒకే ప్రొడ్యూసర్ చేతి మీదుగా నడిచేది, ఇంతమందిని ఒక కొత్త కుర్రాడి కోసం కూర్చోబెట్టడం తర్వాత తర్వాత అందరికీ అలవాటైంది. ఒక పాట చివర్లో నాన్నే కార్నెట్ అనే బాకా వాయించాడు. మొదటి వారం అమ్మకాలు అరవై వేల దగ్గరే ఆగిపోయాయి. మీ వ్యాసం రాసినాయన ఆ వారం న్యూయార్క్‌లో ఉండుంటే ఆల్బం ఫ్లాప్ అని రాసేసి ఉండేవాడు. 2021లో అదే ఆల్బంని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, దేశం దాచుకోవాల్సిన రికార్డింగుల జాబితాలో చేర్చింది.

ఎందుకు చేర్చారో తెలియాలంటే మాట ఎలా కట్టాడో చూడాలి. మన వృత్తాల్లో ప్రాస పాదంలో రెండో అక్షరం దగ్గర పడుతుంది, సినిమా పాటలో లైను చివర పడుతుంది, విన్నవాడికి ఎక్కడ పడబోతుందో ముందే తెలిసిపోతుంది. నాస్ దగ్గర అలా తెలియదు. లైను మొదట్లో, మధ్యలో, చివర్లో, ఎక్కడైనా కలుస్తుంది, అదీ ఒక్క అక్షరం కాదు, మూడు నాలుగు శబ్దాలు గుత్తులు గుత్తులుగా కలుస్తాయి. వాక్యం లైను చివర ఆగకుండా కింది లైన్లోకి దూకుతుంది, అయినా డ్రమ్ము మీద పడాల్సిన మాట డ్రమ్ము మీదే పడుతుంది. ఇదంతా చేస్తూ కథ కూడా చెబుతాడు. అదే ఆల్బంలో వన్ లవ్ అనే పాట చాలా మటుకు జైల్లో ఉన్న స్నేహితులకి రాసిన ఉత్తరాలు: బయట ఎవరు ఎలా ఉన్నారు, నీ బిడ్డ ఎవరి పోలిక, ఎవరు నిన్ను మర్చిపోయారు, అన్నీ మామూలు కబుర్లలాగే ఉంటాయి, కానీ వింటుంటే గొంతు పట్టేస్తుంది. 1996లో ఒక పాటలో తుపాకీయే నోరు విప్పి తన బతుకు చెప్పుకుంటుంది. 2001లో ఇంకో పాటలో హత్య జరిగిన కథని చివరి నుంచి మొదటికి, సినిమా రీలు వెనక్కి తిప్పినట్టు చెప్పాడు, మనుషులు వెనక్కి నడుస్తారు, తూటా ఒంట్లోంచి బయటికొచ్చి తుపాకీలోకి వెళ్తుంది. ఇంత రాసినవాడు వెలిగి ఆరిపోయినవాడా?

అట్టాగని జే-జీ డబ్బుతో పేరు కొనుక్కున్నాడని ఎవరైనా అంటే వాళ్లతోనూ పోట్లాడతాను. చాలా ఏళ్లుగా కాగితం మీద రాసుకోకుండా మనసులోనే వర్స్ (ర్యాపర్ చెప్పే చరణం) మొత్తం కట్టుకుని, మైకు ముందుకెళ్లి చెప్పేస్తాడు. మన అవధానులు ధారణ అనేది దాదాపు అదే. అవధానాలు చూసినవాళ్లకి అదెంత కష్టమో చెప్పక్కర్లేదు. ఆయన గొంతులో హడావిడి ఉండదు. బీట్‌కి ఒక వెంట్రుకవాసి వెనకగా, పక్కన కూర్చుని కబుర్లు చెప్పినట్టు చెబుతాడు, ఒక మాటకి రెండర్థాలు పెట్టి ముందుకెళ్లిపోతాడు, రెండోది మనకి మర్నాడెప్పుడో తడుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో వినపడదు. మైకు పట్టుకున్నవాళ్లని రోజూ చూసేవాణ్ని కాబట్టి చెబుతున్నా, అది నేర్చుకుంటే వచ్చేది కాదు, వచ్చినా అంత తేలిగ్గా కనిపించదు.

ఇంకోటి, బీట్ ఎంచుకోవడం. ఇక్కడ నాస్ ఎప్పుడూ వెనకే. అద్భుతమైన మాటలు తీసుకెళ్లి చప్ప బీట్ మీద పెడతాడని అతని అభిమానులే తల కొట్టుకుంటారు, నేనూ కొట్టుకున్నాను. జే-జీ చెవి అలాంటిది కాదు. 1998లో పిల్లల మ్యూజికల్ నాటకంలోంచి కోరస్ తీసుకుని హార్డ్ నాక్ లైఫ్ చేశాడు, ఆ ఆల్బం అమెరికాలోనే యాభై లక్షలు దాటింది. మరుసటి ఏడాది దానికి గ్రామీ వస్తే, ర్యాప్ వాళ్లకి సరైన గౌరవం ఇవ్వట్లేదని ఆ ఫంక్షన్‌కే వెళ్లలేదు. 2003లో పంజాబీ ఎంసీ అనే ఆయన భాంగ్రా పాట మీద తన వర్స్ కలిపాడు. ఆ పాట మా బాక్సుల్లో వేస్తే మంచినీళ్లు అందించే పెద్దాయన కూడా జగ్గు పట్టుకునే ఊగాడు. ఇల్మాటిక్ వేస్తే పెళ్లికొడుకు బాబాయి వచ్చి "ఏందబ్బా ఇది, వార్తలా?" అని అడిగాడు. ఇది కూడా పనితనమే, దీన్ని తక్కువ చెయ్యలేం.

ఇక 2001 గొడవ. మీ వ్యాసంలో దీనికి రెండే మాటలు: 'ఇద్దరికీ పడేది కాదు'. అయ్యా, తిరుపతి వేంకట కవులకీ కొప్పరపు సోదర కవులకీ నడిచిన వాదాల గురించి రాస్తూ 'వాళ్లకి పడేది కాదు' అని వదిలేస్తే సాహిత్యం తెలిసినవాళ్లు ఊరుకుంటారా? ఇదీ అలాంటిదే. ఆ ఏడాది సెప్టెంబర్ 11న, సరిగ్గా జంట టవర్లు కూలిన రోజునే, జే-జీ ది బ్లూప్రింట్ ఆల్బం వచ్చింది. అందులో టేకోవర్ అనే పాటలో నాస్‌ని లెక్కలేసి కొట్టాడు. ఎన్నేళ్లలో ఎన్ని ఆల్బంలు, అందులో పనికొచ్చేవి ఎన్ని, సగటున పదేళ్లకి ఒకటి అని తేల్చాడు. చూడండి, కెరీర్ చూపించి పనితనాన్ని కొట్టడం మీ వ్యాసంతో మొదలు కాలేదు, జే-జీనే మొదలెట్టాడు, కాకపోతే ఆయన కనీసం ఆల్బంలు లెక్కపెట్టాడు, బ్యాంకు బ్యాలెన్స్ కాదు.

డిసెంబర్లో స్టిల్‌మాటిక్‌లో నాస్ బదులిచ్చాడు. ఆ పాట పేరు ఈథర్. టేకోవర్ కోర్టులో వాదించినట్టుంటే ఇది వీధిలో చొక్కా పట్టుకున్నట్టుంటుంది, నువ్వు చెప్పే మాటల్లో ఎన్ని చచ్చిపోయిన ర్యాపర్ బిగ్గీవి అని నిలదీశాడు, మిగతావి పేపర్లో రాసే మాటలు కావు. నా వరకు రాతగా చూస్తే టేకోవరే గట్టిది, వాదన ఒక్కచోటా జారదు. కానీ ఆ రోజు జనానికి నచ్చింది ఈథర్. న్యూయార్క్‌లో హాట్ 97 రేడియో వాళ్లు శ్రోతల ఓట్లు అడిగితే నాస్‌కే ఎక్కువ పడ్డాయి. ఈథర్‌కి బదులుగా జే-జీ ఇంకో పాటలో నాస్ బిడ్డ తల్లి గురించి నీచంగా మాట్లాడితే, జే-జీ అమ్మే కొడుకుని మందలించి రేడియోలో క్షమాపణ చెప్పించింది. 2005లో న్యూజెర్సీలో జే-జీ తన కచేరీలో నాస్‌ని స్టేజీ మీదికి పిలిచి గొడవ ముగించాడు. మన దగ్గర హీరోల అభిమానులు ఇప్పటికీ ఫ్లెక్సీల మీద కొట్టుకుంటున్నారు, వాళ్లు నాలుగేళ్లలో తేల్చుకుని చేతులు కలిపేశారు.

మీరు మొత్తానికే వదిలేసిన సంగతి ఇంకోటుంది, ఇద్దరి ఆస్తుల్లో తేడా ఎలా వచ్చిందో అర్థమయ్యేది దాంతోనే. మొదట్లో జే-జీకి ఏ పెద్ద కంపెనీ సరైన కాంట్రాక్టు ఇవ్వలేదు. సీడీలు కారు డిక్కీలో పెట్టుకుని అమ్ముకున్నాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి రాక్-ఎ-ఫెల్లా అని సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) పెట్టి 1996లో రీజనబుల్ డౌట్ తెచ్చాడు. అమెరికా చార్టులో 23వ స్థానం దాకానే పోయింది, కానీ పాట తనది, లేబుల్‌లో వాటా తనది. మరుసటి ఏడాదే డెఫ్ జామ్ అనే పెద్ద రికార్డు కంపెనీ ఆ లేబుల్‌లో సగం కొనుక్కుంది. 2005 నాటికి ఆ డెఫ్ జామ్‌కే ఆయన ప్రెసిడెంట్. నాస్ మాత్రం కుర్రవాడిగా ఉన్నప్పుడే కొలంబియా అనే పెద్ద కంపెనీలో సంతకం పెట్టాడు. అప్పుడు వీధిలో అందరూ అతన్నే అదృష్టవంతుడు అనుకుని ఉంటారు. 1996లో జే-జీ తన పాటలో నాస్ పాత పాటలోని గొంతు ముక్కని శాంపిల్‌గా వాడుకున్నాడు, దాని డబ్బు నాస్ చేతికి కాకుండా పాట హక్కులున్న ఇంకొకరి పబ్లిషింగ్ కంపెనీకి వెళ్లిందని టేకోవర్‌లో ఎద్దేవా చేశాడు. ఆ పాటలో నాకు అన్నిటికన్నా గట్టి దెబ్బ అదే అనిపిస్తుంది. బాగా రాసినవాడు ఒకడు, కాగితం బాగా చదివినవాడు ఒకడు. 2019లో ఫోర్బ్స్ పత్రిక జే-జీని హిప్-హాప్‌లో మొదటి బిలియనీర్ అని రాసిందంటే, బీజం ఆ డిక్కీలో అమ్ముకున్న సీడీల దగ్గరే పడింది, మీ ఫొటోలో చూపించిన షాంపేన్ సీసా దగ్గర కాదు.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మా వీధిలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఒకడు ఫోన్లోనే బీటు పెట్టి, నెల్లూరు యాసలో ర్యాప్ చెబుతాడు, రొట్టెల పండగ రద్దీ మీద ఒకటి, రొయ్యల గుంటల్లో రాత్రి కాపలా మీద ఒకటి, నిజంగా బాగుంటాయి. ఎవరో షార్ట్ ఫిలిం వాళ్లు వచ్చి పాట బాగుందని తీసుకెళ్లారు, కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు. ఇప్పుడు తన పాట తన ఛానల్లో పెట్టుకుంటే కాపీరైట్ అని తీసేస్తున్నారు. "అన్నా, రాసింది నేనే, చెప్పింది నేనే, మరి వాళ్లదెట్టా అయింది?" అని అడుగుతాడు. ఏం చెప్పను? ఒంగోల్లోనూ ఇలాంటి పిల్లలు ఉన్నారు, కాలేజీ ఫెస్టుల్లో సౌండ్ పెట్టడానికి వెళ్లినప్పుడు చూస్తుంటాను. జే-జీ బిలియనీర్ అనే ముక్క వీళ్లకి ఎందుకూ పనికిరాదు, మాస్టర్ రికార్డింగు (పాట అసలు రికార్డు) హక్కు ఎవరి చేతిలో ఉండాలో ఆయన ఎలా పట్టుబట్టాడో రాసి ఉంటే పనికొచ్చేది.

నాస్ ఆరిపోయాడన్న మాటకి వస్తాను. 2020లో హిట్-బాయ్ అనే ప్రొడ్యూసర్‌తో కలిసి కింగ్స్ డిసీజ్ చేశాడు. దానికి 2021లో గ్రామీ వచ్చింది. పదమూడు సార్లు నామినేట్ అయ్యి ఉత్త చేతులతో తిరిగొచ్చాక, నలభై ఏడేళ్ల వయసులో వచ్చిన మొదటి గ్రామీ అది. అక్కడితో ఆగలేదు, అదే ప్రొడ్యూసర్‌తో 2023 ముగిసేలోపు మొత్తం ఆరు ఆల్బంలు. బీట్ సరిగ్గా ఎంచడం రాదని ఇరవై ఏళ్లకి పైగా తిట్టించుకున్నవాడు, ఒక మంచి చెవి ఉన్నవాణ్ని పక్కన పెట్టుకుని ఆ లోటు పూడ్చుకున్నాడు. అదే కాలంలో జే-జీ నుంచి సోలో ఆల్బం లేదు, 2017లో వచ్చిన 4:44 తర్వాత బియాన్సేతో కలిసి ఒక ఆల్బం చెయ్యడం, ఇతరుల పాటల్లో వర్స్‌లు చెప్పడం తప్ప. ఆ 4:44 మాత్రం చాలా మంచిది, భార్యకి చేసిన ద్రోహం ఒప్పుకోవడం, తల్లి జీవితం గురించి దాపరికం లేకుండా మాట్లాడటం, నడివయసు ర్యాపర్ ఏం చెప్పాలో దానికి దారి చూపింది. ఆస్తి మాటకొస్తే నాస్ కూడా బికారి కాదు లెండి, కాయిన్‌బేస్, రింగ్ లాంటి కంపెనీల్లో ముందుగానే పెట్టుబడి పెట్టాడు. మాస్ అపీల్ అనే సంగీత సంస్థలో అతనిది వాటా ఉంది, ఆ సంస్థ 2019లో మన దేశానికొచ్చి ముంబయి ర్యాపర్ డివైన్ ఆల్బం తెచ్చింది. జే-జీతో పోలిస్తే అది చిల్లరే, కానీ మన కుర్రాళ్లకి దగ్గరగా వచ్చింది అదే.

నా తీర్పు అడిగితే దాచను. రాతలో నాస్. ఒక్క ఇల్మాటిక్ ఎత్తుకి జే-జీ ఆల్బంలలో ఏదీ చేరదు, బ్లూప్రింట్ దగ్గర దాకా వస్తుంది. మైకు ముందు చెప్పే తీరులో, ఏళ్ల తరబడి స్థాయి పడిపోకుండా నిలబడటంలో జే-జీ, అందులో అనుమానం లేదు. కెరీర్‌లో అయితే పోటీయే లేదు. 2017లో పాటల రచయితల హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్న మొదటి ర్యాపర్ కూడా జే-జీనే, ఆ గౌరవం మొదట నాస్‌కి దక్కి ఉండాల్సిందని నేను మా ఫ్రెండ్స్‌తో ఇప్పటికీ వాదిస్తుంటాను, వాళ్లు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఒక కోరిక. వచ్చే వారాల్లో ఎప్పుడైనా మళ్లీ ఇలాంటి వ్యాసం వేస్తే, రాసేవాళ్లని కనీసం ఈ నాలుగు విని కూర్చోమనండి: ఇల్మాటిక్, రీజనబుల్ డౌట్, ది బ్లూప్రింట్, కింగ్స్ డిసీజ్. అన్నీ కలిపినా ఒక తెలుగు సినిమా, దాని ఇంటర్వెల్, పార్కింగులోంచి బండి తీసుకోవడం, అంతకన్నా పెద్దగా టైం పట్టదు. అలాగే నాస్ ఒక్క ఆల్బంతో ఆగిపోయాడన్న వాక్యానికి ఒక దిద్దుబాటు వెయ్యండి. ఫొటో కింద పేర్లు కూడా తారుమారయ్యాయి, ఎడమ వైపు ఉన్నది నాస్.

ఇట్లు,
మీ పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.